ఇంటి వాతావరణం - యంత్రం పాత్ర

ఎండకు నీడను, చలికి వెచ్చదనాన్ని కోరుకోవడం ప్రాణికోటికి సహజం. పక్షి గూడు కట్టుకొన్నా, మనిషి ఇల్లు కట్టుకొన్నా అందులోని పరమార్థం అదే. అయితే మనిషి అంతటితో తృప్తి పడలేదు. తన ఇంట్లోని గాలిని, వేడిని, తేమను తానే శాసించాలని ఆశించాడు. ఈనాడు ఆ శాసనాధికారాన్ని కంప్యూటరుకు అప్పగించే దశకు చేరుకొన్నాడు. గదిలో మనుషులున్నారో లేదో, బయట ఎండ ఎంత తీవ్రంగా ఉందో, లోపలి గాలి ఎంతగా చెడిందో గమనించి ఫ్యానును, ఏసీని, కిటికీ తెరలను తనంతట తానే నడిపే అమరికలు నగరాల్లోని ఇళ్ళలోకి క్రమంగా ప్రవేశిస్తున్నాయి. ఇది విలాసమని కొందరు ఈసడిస్తున్నారు. సకల బాధలకూ ఇదే మందు అని మరికొందరు నమ్ముతున్నారు. ఈ రెండు అభిప్రాయాలూ సగం సత్యాలే.

ఈ ఆలోచన నిన్న మొన్నటిది కాదు. 17వ శతాబ్ది తొలినాళ్ళలోనే కార్నెలిస్ డ్రెబెల్ అనే డచ్చి శాస్త్రజ్ఞుడు, కోడిగుడ్లను పొదిగించే పొయ్యి తన వేడిని తానే సరిదిద్దుకొనేలా ఒక అమరికను రూపొందించాడు. 19వ శతాబ్దిలో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో వారెన్ జాన్సన్ అనే అధ్యాపకుడు ఉండేవాడు. ఆయన పనిచేసే విద్యాలయంలో గదులు ఎంత వేడిగా ఉన్నాయో చూడడానికి ఒక ఉద్యోగి తరగతి గదులన్నీ తిరిగి, ఆ తరువాత నేలమాళిగలోకి వెళ్ళి వేడిగాలిని సరిచేయవలసి వచ్చేది. ఈ తిరుగుడును, దానివల్ల పాఠాలకు కలిగే అంతరాయాన్ని తప్పించడానికి జాన్సన్ గదిలోని వేడిని విద్యుత్తు ద్వారా తెలిపే పరికరాన్ని నిర్మించి, 1883లో దానికి పేటెంటు పొందాడు. 1902లో విల్లిస్ క్యారియర్ న్యూయార్కులోని ఒక ముద్రణాలయంలో తేమను అదుపు చేయడానికి ఆధునిక వాతానుకూల యంత్రానికి రూపకల్పన చేశాడు. నేటి కంప్యూటరు వీరు వేసిన బాటలోనే నడుస్తున్నది.

దీని పనితీరు పైకి కనిపించేంత జటిలమైనది కాదు. వేడిని, తేమను కొలిచే చిన్న పరికరాలు గదిలో ఉంటాయి. అవి పంపిన కొలతలను కంప్యూటరు, ఇంటివారు కోరిన స్థాయితో పోల్చి చూస్తుంది. తేడా ఉంటే యంత్రాన్ని నడిపిస్తుంది, లేకుంటే ఆపుతుంది. గదిని 26 డిగ్రీల వద్ద ఉంచాలనుకొంటే, వేడి 27కు చేరినపుడు ఏసీ మొదలై, 25కు దిగినపుడు ఆగేలా అమర్చవచ్చు. ఆ కొద్దిపాటి ఎడం లేకపోతే యంత్రం క్షణక్షణం ఆగుతూ, మొదలవుతూ త్వరగా పాడవుతుంది. ఇంత చిన్న విషయంలోనూ ఒక నీతి ఉంది. ప్రతి స్వల్ప మార్పుకూ చలించకుండా ఉండడం యంత్రానికైనా మేలే.

కంప్యూటరు చేయగల అసలైన సేవ చల్లదనం ఇవ్వడం కాదు, వృథాను అరికట్టడం. ఏసీ ఉష్ణోగ్రతను ఒక్క డిగ్రీ పెంచితే సుమారు 6 శాతం విద్యుత్తు ఆదా అవుతుందని భారత ప్రభుత్వ ఇంధన సామర్థ్య సంస్థ చెబుతున్నది. ఆ సంస్థ నక్షత్ర గుర్తింపు గల గది ఏసీలన్నీ మొదట 24 డిగ్రీల వద్దనే పనిచేయడం ప్రారంభించాలన్న నియమం 2020 జనవరి 1 నుంచి అమలులోకి వచ్చింది. మనిషి నిద్రలో ఉండి చేయలేని సవరణను, మరచిపోయి చేయని సవరణను యంత్రం శ్రద్ధగా చేయగలదు. ఖాళీ గదిలో గంటల తరబడి తిరిగే ఏసీని ఆపడానికి అంతకంటే నమ్మకమైన కాపలాదారు లేడు.

గాలి విషయం మరింత ముఖ్యమైనది. గోడకు బిగించే సాధారణ ఏసీ బయటి గాలిని లోనికి తీసుకురాదు. గదిలోని గాలినే మళ్ళీ మళ్ళీ చల్లబరుస్తుంది. ఈ సంగతి చాలామందికి తెలియదు. బయటి గాలిలో బొగ్గుపులుసు వాయువు పది లక్షల పాళ్ళకు 420కి పైగా ఉంటుంది. తలుపులు, కిటికీలు బిగించి ఇద్దరు ముగ్గురు నిద్రించే గదిలో తెల్లవారేసరికి అది వెయ్యి దాటడం సాధారణం. ఆ గదిలో నిద్ర లేచినవారికి తల బరువెక్కడంలో వింత లేదు. చల్లదనాన్ని చర్మం గుర్తిస్తుంది కాని, చెడుగాలిని కన్ను చూడలేదు. కన్ను చూడలేని దానిని కొలిచి, అవసరమైనపుడు గాలిని మార్చే యంత్రం ఉండడం ఉపకారమే.

అయితే ఒక హెచ్చరిక అవసరం. చెడ్డగా కట్టిన ఇంటిని కంప్యూటరు మంచి ఇల్లుగా మార్చలేదు. పడమటి వైపు గాజుగోడలు పెట్టి, నీడనిచ్చే చెట్టును కొట్టివేసి, ఆ తరువాత తెలివైన యంత్రాన్ని కొనడం చిల్లుకుండలో నీరు పోయడమే. కోస్తా ప్రాంతపు మండువా లోగిలిని పరిశీలిస్తే పూర్వుల వివేకం తెలుస్తుంది. నడుమ ఆకాశానికి తెరచి ఉన్న మండువా, చుట్టూ వసారాలు, మందమైన మట్టిగోడలు, పైన పెంకులు. వేడెక్కిన గాలి తేలికై మండువా గుండా పైకి పోతే, చల్లని గాలి గదుల్లోకి వచ్చేది. వేసవిలో వాకిళ్ళకు వట్టివేళ్ళ తడికలు కట్టి నీళ్ళు చల్లేవారు. నీరు ఆవిరవుతూ వేడిని గ్రహిస్తుందన్న సూత్రం అందులో ఇమిడి ఉంది. హైదరాబాదులో 2004లో ప్రారంభమైన సొరాబ్జీ గోద్రెజ్ హరిత వాణిజ్య కేంద్రం ఈ పాత వివేకానికి కొత్త శాస్త్రాన్ని జోడించింది. నడిమి ముంగిలి, గాలి బురుజులు, జాలీ గోడలు అక్కడ యంత్రాల భారాన్ని తగ్గిస్తున్నాయి. ఇల్లు తన పని తాను చేసినపుడే యంత్రం పని తేలికవుతుంది.

మరొక ప్రశ్న అధికారానికి సంబంధించినది. ఇంటి పగ్గాలు ఎవరి చేతిలో ఉండాలి? 2022 ఆగస్టు చివరలో అమెరికాలోని కొలరాడో రాష్ట్రంలో విద్యుత్తు గిరాకీ పెరిగినపుడు, సుమారు 22 వేల ఇళ్ళలో ఉష్ణోగ్రతను మార్చుకొనే వీలు కొన్ని గంటలపాటు ఇంటివారికి లేకుండా పోయింది. వారంతా రాయితీకి ఆశపడి పథకంలో చేరినవారే. విద్యుత్తు సరఫరా కుప్పకూలకుండా కాపాడడం న్యాయమైన లక్ష్యమే. కాని, ఇంట్లో పసిబిడ్డో, జబ్బుపడిన వృద్ధురాలో ఉంటే ఆ నియమాన్ని తప్పించే మార్గం ఉండాలి కదా! అలాగే తయారీదారు దూరం నుంచి అందించే సేవలు నిలిపివేస్తే, నిన్నటి తెలివైన యంత్రం నేడు మామూలు మీటగా మిగులుతుంది. అందువల్ల ఎంత గొప్ప యంత్రం అమర్చినా, చేతితో నొక్కే మీట ఒకటి తప్పక ఉండాలి. ఇంటర్నెట్టు లేకున్నా అది పనిచేయాలి. ఇంట్లోని పెద్దవారు కూడా దానిని సులభంగా వాడగలగాలి.

వీటన్నిటికంటే బరువైన ప్రశ్న న్యాయానికి సంబంధించినది. 2015 మే నెలలో వీచిన వడగాలులకు ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల్లో వెయ్యిమందికి పైగా మరణించారు. ఎండలో కూలికి పోక తప్పని శ్రామికులు, రేకుల కప్పు కింద తలదాచుకొనే పేదలు, ఒంటరి వృద్ధులు ఇలాంటి విపత్తులకు తొలి బాధితులు. ఒక ఇంటి ఏసీ లోపలి వేడిని వీధిలోకి నెడుతుంది. వీధిలో ఉన్నవాడు దానిని భరిస్తాడు. కంప్యూటరు గది లోపలి లెక్క చూస్తుందే తప్ప గోడ అవతలి మనిషిని లెక్కించదు. ఆ లెక్క సమాజమే చూడాలి. తెలంగాణ ప్రభుత్వం 2023లో ప్రకటించిన చల్లని పైకప్పుల విధానం ఈ దిశలో సరైన అడుగు. ఎండను తిప్పికొట్టే తెల్లని పూత వేయడానికి కంప్యూటరు అక్కరలేదు. అది రేకుల ఇంటికీ అందగల చల్లదనం.

కాబట్టి కంప్యూటరును కాదనవలసిన పనిలేదు, నెత్తిన పెట్టుకోవలసిన పనీ లేదు. వరుస తప్పకుండా ఉంటే చాలు. మొదట నీడ, గాలి, గోడ. తరువాత పొదుపైన యంత్రం. ఆ తరువాత దానిని నడిపే కంప్యూటరు. చివరి మాట మాత్రం ఎప్పుడూ ఇంట్లోని మనిషిదే కావాలి. రాత్రి బయటి గాలి చల్లబడగానే ఏసీని ఆపి, కిటికీ తెరవమని గుర్తుచేసే యంత్రమే నిజంగా తెలివైనది. తన అవసరం ఎప్పుడు లేదో తెలిసిన సేవకుడికంటే ఉత్తమ సేవకుడు ఎవరుంటారు?