ఈ బొమ్మలో స్తంభాలేవీ?

మా ఆఫీసుకు ఎవరైనా పెద్దమనిషి వచ్చాడంటే మొదట చూపించేది నెట్‌వర్క్ గదిలో గోడకున్న టీవీ. నల్లటి తెర మీద ఆకుపచ్చ చుక్కలు, వాటిని కలిపే గీతలు. నడిమధ్యన తిరుపతి హెడ్డాఫీసు, చుట్టూ చిత్తూరు, మదనపల్లె, పుత్తూరు, శ్రీకాళహస్తి బ్రాంచీలు. వచ్చినాయన తల ఊపుతాడు, ఎవరో ఒకరు ఫొటో తీస్తారు. ఆ బొమ్మను కాచుకుని ఉండటమే నా కొలువు. అందులో కనిపించేదానికంటే కనిపించనిదే ఎక్కువసార్లు మా కొంప ముంచింది.

ఆ బొమ్మను ఎవరూ కూర్చుని గీయరు. ప్రతి స్విచ్చూ, రూటరూ తన పక్కనున్నది ఏ పరికరమో ఎల్‌ఎల్‌డీపీ అనే పద్ధతిలో తెలుసుకుని రాసిపెట్టుకుంటుంది. సాఫ్ట్‌వేర్ ఒక్కొక్కదాన్నీ ఎస్‌ఎన్‌ఎంపీ అనే ఇంకో పద్ధతిలో పలకరించి ఆ చిట్టా తీసుకుంటుంది, అన్నీ కలిపి బొమ్మ కడుతుంది. 1988 నాటి ఎస్‌ఎన్‌ఎంపీ ఇప్పటికీ పనిచేస్తూనే ఉంది. ఇలాంటి సాఫ్ట్‌వేర్లన్నీ అమెరికాలోనే తయారవుతాయని అనుకోనక్కర్లేదు. మన రేణిగుంటలోనూ ఆఫీసున్న జోహో, 1996లో అడ్వెంట్‌నెట్ పేరుతో మొదలైనప్పుడు చేసింది నెట్‌వర్క్‌లను నిర్వహించే సాఫ్ట్‌వేరే. వాళ్ల ఆప్‌మేనేజర్‌ను ఇవాళ ఎన్నో దేశాల్లో వాడుతున్నారు.

ఈ బొమ్మవల్ల లాభం లేదని అనను. ఒక పెద్ద రూటరు పడిపోతే దాని వెనకున్న పరికరాలన్నీ ఒక్కసారిగా కేకలు పెడతాయి. ఏది తల్లో ఏది పిల్లో బొమ్మను బట్టి సాఫ్ట్‌వేర్‌కు తెలుసు గనక తల్లి పేరుతో ఒక్క అలారమే మోగుతుంది. రాత్రి డ్యూటీ చేసినవాళ్లను అడగండి, దాని విలువ చెబుతారు.

కానీ ఏ చుక్క ఎక్కడ ఉండాలన్నది ఊళ్లను బట్టి తేలేది కాదు. గీతలు ఒకదాన్నొకటి తొక్కకుండా సర్దే లెక్క ఒకటుంది, దాని ఇష్టం. మా తెర మీద చిత్తూరు తిరుపతి నెత్తినెక్కి కూర్చుంటుంది, శ్రీకాళహస్తి కాళ్ల కింద ఉంటుంది. లండన్ భూగర్భ రైలుకు హ్యారీ బెక్ గీసి, 1933లో అచ్చయిన మ్యాపు కూడా ఇలాంటిదే. అందులో దూరాలు నిజం కావు, స్టేషన్ల వరస మాత్రం నిజం. రైలెక్కేవాడికి అది చాలు. పట్టాలు బాగుచేసేవాడికి చాలదు.

మా చిత్తూరు బ్రాంచికి రెండు కంపెనీల దగ్గర రెండు లైన్లు తీసుకున్నారు, ఒకటి పోయినా ఇంకోటి ఉంటుందని. నెలనెలా రెండు బిల్లులు. తెర మీద ఒక గీత ఎడమ నుంచీ ఇంకోటి కుడి నుంచీ వచ్చి చిత్తూరును తాకేవి, చూడముచ్చటగా. ఒక మధ్యాహ్నం రెండూ ఒకే నిమిషంలో ఎర్రబడ్డాయి. రెండు కాల్‌సెంటర్లలోనూ ఒకటే మాట, ‘చెక్ చేస్తున్నాం సార్’. అసలు సంగతి పూతలపట్టు దగ్గర రోడ్డు పక్కన నిలబడిన లైన్‌మన్ కుర్రోడు చెప్పినాడు: ‘రెండు లైన్లు యాడివి సార్? ఈడ ఉండేది ఒకటే కేబులు. జేసీబీ కొట్టేసింది. ఇద్దరి కోర్లూ దీంట్లోనే పోతాండాయి.’

రెండో కంపెనీవాళ్లు మొదటి కంపెనీ కేబుల్లోనే కొన్ని కోర్లు, అంటే లోపలి ఫైబర్ పోగులు, అద్దెకు తీసుకుని మాకు అమ్మారు. నేరమేమీ కాదు, ఈ వ్యాపారంలో మామూలే. తెర కూడా అబద్ధమాడలేదు. అది పరికరాలను అడిగింది, అవి జవాబిచ్చాయి. రోడ్డు పక్క గుంత సంగతి ఏ రూటరుకు తెలుస్తుంది?

ఇది మన చిత్తూరు దారికే పట్టిన చీడ కూడా కాదు. 2001 జులైలో అమెరికాలోని బాల్టిమోర్‌లో ఒక సొరంగంలో గూడ్సు రైలు పట్టాలు తప్పి తగలబడితే, వేర్వేరనుకున్న ఎన్నో కంపెనీల ఫైబర్ ఒకేసారి కాలిపోయింది. అందరూ అదే సొరంగంలోంచి తీగ లాగారు మరి. 2015లో విస్కాన్సిన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అమెరికా దూరప్రాంత ఫైబర్ దారులన్నీ వెతికి మ్యాపు గీస్తే, పది దారుల్లో దాదాపు తొమ్మిదింటిని రెండు లేదా అంతకుమించిన కంపెనీలు పంచుకుంటున్నాయని తేలింది.

ఇళ్లకొచ్చే ఫైబర్ కథ ఇంకా చిత్రం. ఆపరేటర్ దగ్గరుండే ఓఎల్‌టీ అనే పెట్టె నుంచి ఒక కోరు బయల్దేరి, దారిలో స్ప్లిటర్ల దగ్గర చీలి, ముప్పై రెండో అరవై నాలుగో ఇళ్లకు చేరుతుంది. స్ప్లిటర్‌కు కరెంటుండదు, పలకరిస్తే పలకదు. అందుకని తెర మీద దానికి చోటే లేదు. ఇంట్లో పెట్టెకు కరెంటు పోతే చివరి క్షణంలో ‘పోతున్నా’ అని ఒక కబురు పంపి మరీ ఆరిపోతుంది. ఆ కబురు లేకుండా వీధంతా ఒకేసారి మాయమైతే ఫైబర్ తెగిందన్నమాట. ఎక్కడ? తెగిన చోటు దూరం కొలిచే ఓటీడీఆర్ పెట్టి చూస్తే రెండు కిలోమీటర్ల మూడొందల మీటర్లంటుంది. అది కేబుల్ పొడవు, రోడ్డు పొడవు కాదు. ఏ స్తంభానికి ఎంత లూపు చుట్టి వదిలారో, ఏ జాయింట్ బాక్సు ఏ వేపచెట్టు కొమ్మల్లో ఉందో ఆ లైన్ లాగినవాడికే గుర్తు. నా లెక్కలో అసలు నెట్‌వర్క్ మ్యాపు అతని బుర్రలో ఉంది. వేయి రూపాయలు ఎక్కువిస్తామని ఇంకొకరు పిలిస్తే ఆ మ్యాపు అతనితోపాటే వెళ్లిపోతుంది.

2017 డిసెంబరులో అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ జాతికి అంకితం చేసిన ఏపీ ఫైబర్‌నెట్ ఎక్కువగా కరెంటు స్తంభాల మీదే నడిచింది. భూమి తవ్వే ఖర్చు లేకపోబట్టే నెలకు 149 రూపాయలకు ఇంటర్నెట్, టీవీ ఇస్తామనగలిగారు. మంచి ఆలోచనే, నేను సమర్థిస్తాను. అయితే స్తంభం పడితే కరెంటూ పోతుంది, నెట్టూ పోతుంది. 2021 నవంబరు వానలకు స్వర్ణముఖి పొంగి తిరుపతి చుట్టుపక్కల రోడ్లు, వంతెనలు కొట్టుకుపోయిన రోజులు మనకెవరికీ మరుపుకు రావు. వంతెన పోతే దాన్ని పట్టుకుని వెళ్లే తీగా పోతుంది. ఆ వంతెన ఏ తెర మీదా చుక్కగా ఉండదు.

తవ్వే ముందు చెప్పమంటూ కేంద్రం 2023 మార్చిలో ‘కాల్ బిఫోర్ యు డిగ్’ యాప్ తెచ్చింది. జేసీబీ దించేవాడు చోటు చెబితే అక్కడ భూమిలో తీగలూ పైపులూ ఉన్నవాళ్లకు కబురు వెళ్తుంది. తమ తీగ ఎక్కడుందో తమకే తెలియని కంపెనీకి కబురు వెళ్లి ఏం లాభం?

తీగ ఏ దారిన పోతోందో తెలియడానికి కొత్త సాఫ్ట్‌వేర్ కొనక్కర్లేదు. కరెంటు స్తంభాలకు చాలాచోట్ల పెయింటుతో నంబర్లున్నాయి. ఆ స్తంభాల యజమాని అయిన కరెంటు పంపిణీ సంస్థ ఎస్పీడీసీఎల్ ప్రధాన కార్యాలయం తిరుపతిలోనే ఉంది. ఫైబర్ గీతకు స్తంభం నంబరు, కల్వర్టు, వంతెన జత చేయించడం కూర్చుని మాట్లాడుకుంటే అయ్యే పని. ఆ మ్యాపు దిద్దే హక్కు స్తంభమెక్కే కుర్రాడి ఫోనుకు ఇవ్వాలి, ఏసీ గదిలోని మాకు కాదు. భద్రత పేరు చెప్పి కంపెనీలు దాచిపెడతాయని తెలుసు. ఊరందరికీ పంచమని ఎవరూ అడగడం లేదు, డబ్బు కట్టేవాడికి అతని రెండు దారులూ చూపిస్తే చాలు.

ఆసుపత్రి, బ్యాంకు, కాలేజీ నడిపేవాళ్లకు ఒక్క మాట. రెండో లైనుకు సంతకం పెట్టేముందు మొదటి లైను ఏ రోడ్డున, ఏ వంతెన మీదుగా వస్తోందో, రెండోది ఎటు వస్తోందో కాగితం మీద రాయించుకోండి. రాసివ్వలేమంటే ఆ లైను తీసుకోకండి.