యంత్రం వ్రాసిన కాగితం – సంతకం ఎవరిది?

ఈ మధ్య భిలాయి ప్రాంతం నుంచి మా పరిశీలనకు ఒక అప్పీలు ముసాయిదా వచ్చినది. ఒక ట్రాక్‌మెయింటెయినర్ సోదరునికి ఇంక్రిమెంటు నిలుపుదల శిక్ష పడినది. 1968 నాటి రైల్వే క్రమశిక్షణ, అప్పీలు నిబంధనల ప్రకారం ఆయనకున్న గడువు నలభై ఐదు రోజులు. ముసాయిదా చక్కని ఇంగ్లీషులో ఉన్నది. రెండు రైల్వే బోర్డు లేఖలు, ఒక ట్రిబ్యునలు తీర్పు, తేదీలతో, నంబర్లతో సహా ఉదహరింపబడి ఉన్నవి. మేము రెండు రోజులు వెదికినాము. ఆ లేఖలు లేవు, ఆ తీర్పూ లేదు. విచారించగా తేలినదేమనగా, మన శాఖ కార్యకర్త ఒకరు రాత్రి డ్యూటీ దిగివచ్చి, సెల్‌ఫోనులోని కృత్రిమ మేధను అడిగి ఆ కాగితం వ్రాయించినారు.

ఆయనకు దురుద్దేశం లేదు. గడువు దగ్గరపడినది, ఇంగ్లీషు అంతంతమాత్రం, సాటి కార్మికునికి సాయపడాలన్న తపన ఉన్నది. గడువుకు నాలుగు రోజుల ముందు వేరొక అప్పీలు వ్రాసి పంపగలిగినాము కనుక సరిపోయినది. మొదటి కాగితమే పోయి ఉంటే, అప్పీలు అధికారి ఆ బూటకపు లేఖ దగ్గరనే ఆగిపోయి ఉండేవాడు. దాని వెనుక ఉన్న నిజమైన వాదన కూడా అబద్ధాల ఖాతాలోనే జమ అయి ఉండేది. తప్పు ఆ కార్యకర్తది అని మేము అనము. ఏది వాడవచ్చును, ఏది వాడరాదు అని మన సంఘం ఏనాడూ ఆయనకు చెప్పలేదు. కట్టుబాటు కొరవడినది మన ఇంటిలోనే.

ఈ యంత్రం గ్రంథాలయం కాదన్న సంగతి మొదట గ్రహించవలసి ఉన్నది. అపారమైన వ్రాత మీద తర్ఫీదు పొంది, ఒక మాట వెనుక ఏ మాట వచ్చే అవకాశం హెచ్చుగా ఉన్నదో లెక్కకట్టి అది వాక్యాలను అల్లుతుంది. బోర్డు లేఖ ఏ తీరున ఉంటుందో దానికి బాగుగా తెలియును; ఆ లేఖ నిజంగా ఉన్నదా లేదా అన్నది తెలియదు. వెదికి చెప్పే సదుపాయం ఉన్నవి సైతం పొరబడుతూనే ఉన్నవి. 2023 జూన్‌లో న్యూయార్కు కోర్టు ఒకటి ఇట్లాంటి లేని తీర్పులను దాఖలు చేసిన వకీళ్లకు అయిదు వేల డాలర్ల జరిమానా విధించినది. 2024 డిసెంబరులో బెంగళూరు ఆదాయపు పన్ను అప్పీలు ట్రిబ్యునలు ఇచ్చిన ఒక ఉత్తర్వులోనే లేని తీర్పులు చోటుచేసుకొని, ఆ ఉత్తర్వును ఉపసంహరించుకోవలసి వచ్చినది. చదువరుల స్థితే ఇది అయినప్పుడు, రాత్రి డ్యూటీ దిగిన మనిషిని ఏమనగలము?

భిలాయిలో తయారయ్యే రైలు పట్టాను చూడండి. ఏ మిల్లుది, ఏ సంవత్సరానిది, ఏ హీటుకు చెందిన ఉక్కు అన్నది దాని ఒంటిమీదనే ముద్రవేసి ఉంటుంది. ఎక్కడో వందల మైళ్ల దూరాన చలికాలపు రాత్రి పట్టా విరిగితే, ఆ ముద్రను పట్టుకొని కొలిమి దాకా వెనుకకు నడిచిపోవచ్చును. యంత్రం వ్రాసిన కాగితానికి అట్లాంటి ముద్ర లేదు. అది ఎవరి బల్లమీద పుట్టినది, ఏ మాట మనిషిది, ఏ మాట యంత్రానిది, ఎవరు సరిచూచినారు అన్నవి కాగితం మీద కనబడవు. కడపట చిక్కేది అడుగున సంతకం చేసిన గుమాస్తా ఒక్కడే.

తపాలా సోదరులు బ్రిటనులో జరిగినదానిని ప్రత్యేకించి జ్ఞాపకముంచుకోవలెను. అక్కడి పోస్టాఫీసులలో 1999 నుంచి హొరైజన్ అనే లెక్కల వ్యవస్థను ప్రవేశపెట్టినారు. అది కృత్రిమ మేధ కూడా కాదు. మామూలు ఖాతాల ప్రోగ్రాము. దాని లోపాల వలన సబ్-పోస్టుమాస్టర్ల లెక్కలలో లేని షార్టేజి కనబడినది. కంప్యూటరు సరిగానే పనిచేసి ఉంటుందని న్యాయస్థానాలు ముందే భావించినవి. 2015 వరకు తొమ్మిది వందల మందికి పైగా నేరస్థులుగా తీర్పు పొందినారు. కొందరు జైలుకు పోయినారు. ఎందరో ఇళ్లు అమ్మి, లేని బాకీ తీర్చినారు. వ్యవస్థలో లోపాలు ఉన్న మాట నిజమేనని 2019 డిసెంబరులో హైకోర్టు తేల్చినది. ఆ శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేయడానికి 2024లో పార్లమెంటు ప్రత్యేక చట్టమే చేయవలసి వచ్చినది. మన పల్లెలలో బ్రాంచి పోస్టుమాస్టరుగా ఉన్న గ్రామీణ డాక్ సేవకునికి నగదు తక్కువ పడితే ఏమి జరుగునో మీకు మేము చెప్పనక్కరలేదు. ఆయన ఎదుట రేపు "యంత్రం చెప్పినది" అన్న ఒక్క మాటే సాక్ష్యంగా నిలబడితే, ఆయన దేనిని ప్రశ్నించవలెను?

యాజమాన్యాలు ఇంతవరకు చేసినది ప్రధానంగా నిషేధం. 2025 జనవరి 29న కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖ, ఛాట్‌జీపీటీ, డీప్‌సీక్ వంటివాటిని కార్యాలయపు కంప్యూటర్లలో, పరికరాలలో వాడరాదని తన సిబ్బందికి సూచించినది. రహస్య సమాచారం బయటికి పోతుందన్న ఆ భయం సబబైనదే. కౌంటరు వద్ద ఆధార్ నకలు, పొదుపు ఖాతా వివరాలు, డివిజన్ ఆఫీసులో వైద్య పత్రాలు, సర్వీసు పుస్తకాలు – ఇవి మన చేతిలో ఉన్న పరుల సొత్తు. అయితే నలుగురి పని ఒకరి మీద పడి, సాయంత్రం అయిదు గంటలకు నివేదిక కావలెనని ఒత్తిడి తెస్తే, బల్లమీది కంప్యూటరులో మూసిన ద్వారం జేబులోని ఫోనులో తెరుచుకుంటుంది. ఖాళీ పోస్టులు నింపకుండా నిషేధాలు మాత్రం జారీ చేస్తే ఉద్యోగిని దొంగచాటు పనికి నెట్టడమే అవుతుంది.

ఇంతకన్న మెరుగైన మార్గం మన దేశంలోనే ఒకటి ఉన్నది. 2025 జులైలో కేరళ హైకోర్టు తన జిల్లా న్యాయస్థానాలకు ఒక విధానం ప్రకటించినది. తీర్పుకు, ఉత్తర్వుకు, నిర్ధారణకు ఈ సాధనాలను వాడరాదు. ఆమోదం పొందినవాటినే వాడవలెను. ఫలితాన్ని మనిషి సరిచూడవలెను. వాడిన ప్రతి సందర్భాన్ని నమోదు చేయవలెను. ఉక్కు కార్మికునికి ఇది కొత్త సంగతి కాదు. గ్యాసు లైను మీద పని మొదలుపెట్టడానికి ముందు పర్మిటు కావలెను, గాలి పరీక్ష జరగవలెను, దాని కింద పేరుగల మనిషి సంతకం ఉండవలెను. 2018 అక్టోబరు 9న భిలాయి కోక్ ఓవెన్ గ్యాసు లైను వద్ద మరమ్మతు వేళ మంటలు రేగి పదిమందికి పైగా కార్మికులు ప్రాణాలు కోల్పోయినారు. సంతకం వెనుక నిజమైన తనిఖీ ఎందుకు ఉండవలెనో ఆ ఊరికి వేరొకరు నేర్పనక్కరలేదు.

ఇక్కడ మన రెండు శాఖలవారికీ ఒక చిక్కు ఉన్నది. పని పద్ధతులు మార్చి ఉద్యోగాల తగ్గింపునకు దారితీయగల చర్య తలపెడితే యజమాని ఇరవై ఒక్క రోజుల నోటీసు ఇవ్వవలెనని 1947 పారిశ్రామిక వివాదాల చట్టంలోని 9-ఏ సెక్షను చెప్పినది. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన పారిశ్రామిక సంబంధాల కోడ్‌లోనూ ఆ నోటీసు ఉన్నది. కాని రైల్వే ఎస్టాబ్లిష్‌మెంట్ కోడ్ వర్తించేవారికి, కేంద్ర సివిల్ సర్వీసు నిబంధనలు వర్తించేవారికి నోటీసు అక్కరలేదని అప్పుడూ వ్రాసినారు, ఇప్పుడూ వ్రాసినారు. అనగా ఒకే భిలాయిలో, గోడకు ఇవతల ఉక్కు కార్మికునికి ఉన్న హక్కు, గోడకు అవతల మార్షలింగ్ యార్డులోని రైల్వే కార్మికునికి లేదు. సెక్టారు పోస్టాఫీసు గుమాస్తాకూ లేదు. మనకు మిగిలినవి 1952 నుంచి ఉన్న రైల్వే పి.ఎన్.ఎం., 1966 నాటి జె.సి.ఎం. మాత్రమే. ఈ అంశాన్ని ఆ వేదికల అజెండాలో చేర్పించకపోతే, సాఫ్ట్‌వేరు వచ్చి కూర్చున్న తరువాతనే మనకు వార్త అందుతుంది. 1983 సెప్టెంబరులో బ్యాంకు ఉద్యోగులు కంప్యూటర్ల మీద యాజమాన్యాలతో లిఖితపూర్వకమైన ఒడంబడిక చేసుకున్నారు. 2023లో అమెరికా సినిమా, టెలివిజన్ రచయితలు 148 రోజులు సమ్మె చేసి, కృత్రిమ మేధను వాడుమని తమను నిర్బంధించరాదని, యంత్రం వ్రాసినదానిని తమకు ఇచ్చేటప్పుడు ఆ సంగతి చెప్పి తీరవలెనని ఒప్పించుకున్నారు.

మేము కోరేది కూడా అంతకన్న పెద్దది కాదు. చార్జిషీటు, బదిలీ, డ్యూటీ రోస్టరు, పనితీరు నివేదిక – వీటిలో దేనికైనా యంత్రాన్ని వాడినట్లయితే ఆ సంగతి ఉద్యోగికి వ్రాతపూర్వకంగా తెలుపవలెను. నిర్ణయం తీసుకున్న అధికారి పేరు ఉండవలెను. యంత్రపు లెక్కను రికార్డుతో సహా ప్రశ్నించే హక్కు ఉండవలెను. శిక్షణ డ్యూటీ వేళలలోనే ఇవ్వవలెను.

అయితే అడిగేవారు ముందు ఆచరించి చూపవలెను. కనుక మన శాఖలకు ఈ కట్టుబాట్లను ప్రతిపాదిస్తున్నాము. అప్పీలులో, విజ్ఞప్తిలో ఉదహరించిన ప్రతి ఉత్తర్వు మూలప్రతిని ఒక మనిషి కళ్లారా చదివి, ఆఫీసు ప్రతిమీద తన పేరు వ్రాయవలెను. యంత్ర సహాయం తీసుకుంటే దానినీ అక్కడే నమోదు చేయవలెను. సభ్యుని పి.పి.ఓ., ఆధార్, వైద్య, కుటుంబ కాగితాలను బయటి సాధనాలలో పెట్టరాదు. సభ్యుని ఫిర్యాదు చేపట్టవలెనా వద్దా అన్న నిర్ణయాన్ని యంత్రానికి వదలరాదు. అనువాదం సంగతి వేరు. ఛత్తీస్‌గఢ్‌లో హిందీ సర్క్యులరు అందుకునే శ్రీకాకుళం, విజయనగరం సోదరులకు అది తెలుగులో తేవగలగడం నిజమైన మేలు. దానిని కాదనడం మూర్ఖత్వం. కాని ఇంగ్లీషు ఉత్తర్వులో 'షల్' అన్నచోట అనువాదంలో 'మే' అర్థం వచ్చినా కొంప మునుగుతుంది. హక్కుకు, గడువుకు సంబంధించిన వాక్యాన్ని మూలంతో పోల్చకుండా నోటీసు బోర్డుకు ఎక్కించరాదు.

ఇవి ముసాయిదా మాత్రమే. భిలాయి-3, చరోదా, దుర్గ్ శాఖలతో సహా అన్ని శాఖలు దీనిని సర్వసభ్య సమావేశంలో చదివి వినిపించి, సవరణలను చేతివ్రాతలోనైనా సరే మాకు పంపవలసినదిగా కోరుతున్నాము. ఇప్పటికే యంత్రం చేత వ్రాయించి పంపిన అప్పీళ్లు ఏవైనా పెండింగులో ఉంటే సంకోచింపక తెలియజేయండి. గడువు మిగిలి ఉన్నవాటిని ముందుగా చూస్తాము.