తరంగాలను ముక్కలు చేసి అమ్మటం సెల్ సూత్రానికే విరుద్ధం

"వైర్‌లెస్ యుగం వచ్చింది, ఇక తీగలెందుకు, వేలాది సిబ్బంది ఎందుకు? పోటీకి వదిలివేస్తే సెల్‌ఫోన్ తనంతట తానే పల్లెపల్లెకూ చేరుతుంది." 1994 నాటి జాతీయ టెలికాం విధానం మొదలు ఈ పాట మన చెవుల్లో మారుమోగుతూనే ఉన్నది. దీనిని ఎదుర్కొనటానికి నినాదం ఒక్కటే చాలదు. సెల్ వ్యవస్థ ఏ సూత్రాలపై నిర్మితమైనదో కార్మికుడు గ్రహించాలి. గ్రహించిననాడు, ఆ సూత్రాలే ఈ వాదాన్ని ఖండిస్తున్నవని బోధపడుతుంది.

బ్లాక్ సెక్షన్ వంటిదే సెల్

రేడియో తరంగాలు పరిమితమైన సంపద. ఒకే ఎత్తైన టవర్ నుండి నగరమంతటికీ ప్రసారం చేస్తే, ఉన్న కొద్దిపాటి చానళ్లు కొద్దిమందితోనే నిండిపోతాయి. 1947లో అమెరికాలోని బెల్ లేబొరేటరీస్ ఇంజనీరు డి.హెచ్. రింగ్ దీనికొక ఉపాయం సూచించాడు. ప్రాంతాన్ని తేనెపట్టువలె ఆరు భుజాల చిన్న గడులుగా విభజించాలి. ప్రతి గడిలో తక్కువ శక్తిగల టవర్ ఉండాలి. ఒక గడిలో వాడిన తరంగాన్నే తగినంత దూరంలోని మరొక గడిలో తిరిగి వాడాలి. 1979లో టోక్యోలోను, 1983లో చికాగోలోను ఈ పద్ధతి వాణిజ్యసేవగా అవతరించింది.

రైల్వే సోదరులకు ఇది కొత్త కాదు. ఒక బ్లాక్ సెక్షన్‌లో ఒకే బండి. అయినా అవే పట్టాలపై, వేర్వేరు సెక్షన్లలో, ఏకకాలంలో ఎన్నో బండ్లు నడుస్తాయి. ఏడు గడుల గుంపుకొకసారి తరంగాలను పునరావృతం చేస్తే, ఒకే తరంగాన్ని వాడే రెండు టవర్ల మధ్య దూరం గడి వ్యాసార్థానికి సుమారు 4.6 రెట్లు ఉంటుంది. అదే ఇక్కడి భద్రతాదూరం. నేటి 4జి, 5జి పద్ధతుల్లో పక్కపక్క గడులు అదే తరంగాన్ని వాడుకుంటాయి; అందుకు వాటి మధ్య సమన్వయం మరింత అవసరమైనది.

తపాలా సోదరులకూ ఇది పరిచితమే. బీటులో ఉత్తరాలు పెరిగితే దానిని రెండు బీట్లుగా విడదీసినట్లు, రద్దీ పెరిగిన గడిని చిన్న గడులుగా విడదీస్తారు. ఆర్.ఎం.ఎస్. సెక్షన్ల మధ్య తపాలా సంచి చేతులు మారినట్లు, ప్రయాణికుని సంభాషణ ఒక టవర్ నుండి మరొక టవర్‌కు మారుతుంది.

తీగ లేదన్నది పచ్చి అబద్ధం

ఫోను నుండి టవర్ వరకు మాట గాలిలో పయనిస్తుంది. ఆపైన ఆప్టికల్ ఫైబరో మైక్రోవేవ్ లింకో, ఎక్స్ఛేంజీ, బ్యాటరీలు, డీజిల్ జనరేటరు, వాటిని అర్ధరాత్రి కూడా కాపాడే మనుషులు ఉన్నారు. 2019-20లో స్వచ్ఛంద పదవీవిరమణ పేరిట బి.ఎస్.ఎన్.ఎల్. నుండి 78 వేల మందికి పైగా నిష్క్రమించారు. వారి పని అంతరించిందా? లేదు. చాలాచోట్ల అది కాంట్రాక్టు కార్మికుని భుజాలపైకి మారింది.

ముక్కలైన సంపద

కోపెన్‌హేగన్ టెలిఫోన్ కంపెనీలో పనిచేసిన ఎ.కె. ఎర్లాంగ్ టెలిఫోన్ రద్దీకి గణితసూత్రాలు రూపొందించాడు. ఒక చానల్ గంటసేపు ఎడతెగక పనిచేస్తే, ఆ భారాన్ని ఆయన పేరిట ఒక ఎర్లాంగ్ అంటారు. నూరు కాల్స్‌లో రెండుకు మించి విఫలం కారాదనుకుంటే, 10 చానళ్లు మోయగల భారం సుమారు 5 ఎర్లాంగులు. 40 చానళ్లు ఒకేచోట ఉంటే మోయగలిగేది 31. అవే 40 చానళ్లను నాలుగు కంపెనీలకు పదేసి చొప్పున పంచితే, నాలుగూ కలిసి మోసేది 20 మాత్రమే! ఎవరూ దొంగిలించకుండానే మూడవ వంతు సామర్థ్యం మాయమైనది. ఒక కౌంటరు ముందు బారులు తీరిన జనం, పక్క కౌంటరు ఖాళీ: ఇదీ ఆ పంపకం.

2008లో కొత్త లైసెన్సుదారులకు 4.4 మెగాహెర్ట్జ్ చొప్పున తరంగాలు పంచారు. 2012 ఫిబ్రవరి 2న సుప్రీంకోర్టు 122 లైసెన్సులను రద్దుచేసింది. కోర్టు విచారించినది కేటాయింపులోని అన్యాయాన్ని. చిల్లరగా పంచటంలోని ఈ వృథాకు ఏ బోనులోనూ విచారణ జరుగలేదు.

పోటీవల్ల ధరలు తగ్గలేదా అని అడుగుతారు. తగ్గాయి. 2002 అక్టోబరులో సెల్ సేవలోకి దిగిన ప్రభుత్వసంస్థ కూడా ఆ పోటీలో ఉన్నది. మరి ఆ పోటీ ఎక్కడికి చేరింది? ఒకనాడు ఒక్కొక్క సర్కిల్‌లో పదికి పైగా ఉన్న కంపెనీలు నేడు దేశవ్యాప్తంగా మూడు ప్రైవేటు సంస్థలకు, ఒక ప్రభుత్వసంస్థకు కుదించుకుపోయాయి. పెద్ద రాశి కావాలని మార్కెట్టే ఒప్పుకున్నది. ఇక మిగిలిన ప్రశ్న ఒక్కటే: ఆ రాశి ప్రజల చేతిలో ఉండాలా, గుత్తాధిపతుల చేతిలోనా?

టవర్ ఎవరికోసం?

నగరంలో గడిని రద్దీ నిర్ణయిస్తుంది. పల్లెలో దూరం నిర్ణయిస్తుంది. పల్లెలో సంభాషణలు తక్కువ, టవర్ ఖర్చు మాత్రం తగ్గదు. కనుక లాభాల లెక్కలో పల్లెకు చోటు లేదు. తక్కువ పౌనఃపున్యం గల తరంగం ఎక్కువ దూరం వెళుతుంది. పల్లెలకు తగినది అదే. అటువంటి 700 మెగాహెర్ట్జ్ తరంగాలను 2016లోను, 2021లోను వేలానికి పెట్టారు. కనీసధర ఆకాశాన్నంటుటచే కొన్నవాడు లేడు. పల్లెకు పనికివచ్చే సంపద ఏళ్ల తరబడి మూలపడింది.

దేశంలో మొదటి సెల్ సంభాషణ 1995 జులై 31న కలకత్తా నుండి జరిగింది. 27 ఏళ్ల తరువాత, 2022 జులైలో, 4జి లేని 24,680 గ్రామాలకు సేవ అందించటానికి కేంద్రం 26,316 కోట్ల రూపాయల పథకం ఆమోదించవలసి వచ్చింది. పని అప్పగించినది ఎవరికి? బి.ఎస్.ఎన్.ఎల్.కే! నేడు అటువంటి గ్రామంలో సిగ్నల్ లేక డాక్ సేవక్ చేతిలోని పరికరం మూగబోతే, ఖాతాదారుడు నిలదీసేది టవర్ వేయని కంపెనీని కాదు, ఎదుట నిలిచిన డాక్ సేవక్‌నే.

2021 జూన్‌లో రైళ్ల భద్రతా సంచారవ్యవస్థకు 700 మెగాహెర్ట్జ్ పట్టీలో 5 మెగాహెర్ట్జ్ కేటాయించారు. ప్రాణరక్షణను వేలం వేయరాదని ప్రభుత్వమే ఆనాడు అంగీకరించింది. పట్టాల వెంట పూసల దండవలె గడులు పేర్చాలి. ఒక టవర్ మూగబోయినా పక్క టవర్ బండిని అందుకోవాలి. అక్కడ ఆదాయం లెక్క చెల్లదు. రైలుకు చెల్లని లెక్క పల్లెకు ఎట్లా చెల్లుతుంది?

సోదరులారా! 1985 వరకు తపాలా, తంతి ఒకే శాఖ. శాఖలు విడిపోయినా సమస్య ఒక్కటే. అందుకే కోరుతున్నాము: తరంగాలను, టవర్లను ఉమ్మడిగా వాడుకునే విధానం రావాలి, పల్లె తరంగాలు ప్రభుత్వరంగం చేతిలో నిలవాలి, రైల్వే కమ్యూనికేషన్ నిర్వహణ శాశ్వత సిబ్బందికే ఉండాలి, సిగ్నల్ లేని ఊరి జాప్యానికి డాక్ సేవక్‌ను బాధ్యుణ్ణి చేయరాదు. బ్లాక్ సెక్షన్‌ను వేలం వేయనివారు ఆకాశమార్గాన్ని వేలం వేస్తున్నారు. ఈ విధానాన్ని తిప్పికొట్టేందుకు సంఘటితంగా కదలండి!