పేటెంట్ హక్కు వాళ్లకు దానంతటదే, మనకు కొట్లాడితేనే

మేధో సంపత్తి హక్కుల మీద ప్రశ్న వస్తే మనలో చాలామంది రాసే ముగింపు ఒక్కటే: ఆవిష్కర్త హక్కుకూ ప్రజా ప్రయోజనానికీ మధ్య సమతుల్యత ఉండాలి. మార్కులకు ఢోకా లేని వాక్యం. కానీ ఆ సమతుల్యత మన చట్టంలో అక్షరాల్లో ఉంది, ఆచరణలో లేదు. ఎందుకు లేదో చెప్పకుండా ఆ వాక్యం రాస్తే, త్రాసు ఒకవైపు మొగ్గి ఉన్న సంగతిని మనమే కప్పిపెట్టినట్టు.

ఇంజనీరింగ్ చదివినవాళ్లకు డిఫాల్ట్ సెట్టింగ్ అంటే తెలుసు. ఎవరూ ఏమీ ముట్టుకోకపోతే సిస్టమ్ ఎలా నడుస్తుందో అదే డిఫాల్ట్. ఈ చట్టాల డిఫాల్ట్ యజమాని వైపు ఉంది. పేటెంట్ వచ్చాక రుసుము కడుతూ పోతే చాలు, దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు నడుస్తుంది. కాపీరైట్‌కైతే రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. రచయిత పోయాక మరో 60 ఏళ్లు ఉంటుంది. మరి ప్రజల హక్కు? ఎవరో ఒకరు దరఖాస్తు పెట్టాలి, వకీలును పెట్టుకోవాలి, ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరగాలి.

ఎప్పుడూ ఇలాగే లేదు. 1959లో జస్టిస్ రాజగోపాల అయ్యంగార్ ఇచ్చిన నివేదిక ఆధారంగా వచ్చిన 1970 చట్టం మందులకు ఉత్పత్తి పేటెంట్ తీసేసి, తయారీ పద్ధతికే పేటెంట్ ఉంచింది. మన జెనరిక్ పరిశ్రమ నిలబడింది దాని మీదే. 2001లో సిప్లా హెచ్‌ఐవీ మందుల కలయికను రోగికి ఏడాదికి 350 డాలర్లకే ఇస్తానంది. అప్పటికి పేటెంట్ కంపెనీల ధర 10,000 డాలర్ల పైమాటే. తర్వాత ట్రిప్స్ ఒప్పందం ప్రకారం 2005లో ఉత్పత్తి పేటెంట్ తిరిగొచ్చింది. దానికి విరుగుడుగా పార్లమెంటు కొన్ని రక్షణలు ఉంచింది. అవి ఎలా పనిచేశాయో చూడండి.

సెక్షన్ 3(డి): పాత మందుకు కొత్త రూపం ఇచ్చి, చికిత్సా ఫలితం పెరగకుండానే మళ్లీ పేటెంట్ అడిగితే ఇవ్వరు. నోవార్టిస్ గ్లివెక్ కేసులో 2013 ఏప్రిల్ 1న సుప్రీంకోర్టు దీన్నే నిలబెట్టింది. అందరం రాస్తాం. అయితే ఆ దరఖాస్తుకు మొదట అడ్డుపడింది ప్రభుత్వం కాదు. సెక్షన్ 25(1) కింద క్యాన్సర్ రోగుల సహాయ సంఘం ఒకటి, కొన్ని జెనరిక్ కంపెనీలు అభ్యంతరం పెట్టాయి. క్షయ మందు బెడాక్విలిన్ మీద జాన్సన్ అండ్ జాన్సన్ గుత్తాధిపత్యం 2027 దాకా సాగకుండా 2023లో ఆగిందన్నా కారణం ఇదే: క్షయను జయించిన ఇద్దరు మహిళలు అభ్యంతరం వేశారు. రోగమూ వాళ్లదే, పోరాటమూ వాళ్లదే.

సెక్షన్ 84, కంపల్సరీ లైసెన్స్: 2012 మార్చిలో హైదరాబాద్ కంపెనీ నాట్కోకు బేయర్ వారి నెక్సావర్ తయారుచేసే అనుమతి దొరికింది. నెలకు సుమారు 2,80,000 రూపాయల మందు 8,880కి దిగింది. ఈ సెక్షన్ కింద దేశంలో మంజూరైన లైసెన్స్ ఆ ఒక్కటే. మందుల ధరలు ఒక్క నెక్సావర్‌కే ఎక్కువా?

కాపీరైట్ సంగతి మనకు ఇంకా దగ్గరిది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు మీద ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, టేలర్ అండ్ ఫ్రాన్సిస్ ప్రచురణ సంస్థలు 2012లో దావా వేశాయి. ఢిల్లీ హైకోర్టు 2016లో సెక్షన్ 52(1)(ఐ) ప్రకారం బోధనలో భాగంగా చేసే కాపీ ఉల్లంఘన కాదంది. గెలుపే. కానీ తీర్పు వచ్చేదాకా, దాదాపు నాలుగేళ్లు, ఆ షాపు కోర్స్ ప్యాకులు అమ్మకుండా మధ్యంతర ఉత్తర్వు ఉంది. హక్కు ఉన్న విద్యార్థి ఆగాడు, హక్కు లేదని తేలినవాళ్ల మాట నడిచింది. డిఫాల్ట్ అంటే ఇదీ.

ఇప్పుడు ఆ కాస్త రక్షణనూ అరగదీస్తున్నారు. పేటెంట్‌ను దేశంలో ఎంత వినియోగంలో పెట్టారో చెప్పే ఫారం 27ను ఏటా ఇవ్వాల్సి ఉండేది. నెక్సావర్ కేసులో బేయర్‌కు ఎదురుతిరిగిన ఆధారాల్లో అదొకటి. 2024 మార్చి నాటి సవరణ నిబంధనలు దాన్ని మూడేళ్లకోసారి చేశాయి. ఉచితంగా ఉన్న ముందస్తు అభ్యంతరానికి రుసుము పెట్టాయి. అది విచారణకు తగునో కాదో కంట్రోలర్ ముందే తేల్చేలా చేశాయి. చట్టం మారలేదు, పార్లమెంటులో ఓటింగ్ లేదు. రోగి గుమ్మం దగ్గరే ఆగిపోయే ఏర్పాటు మాత్రం జరిగింది.

లాభం లేకపోతే పరిశోధన ఎవరు చేస్తారని అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. పెట్టుబడి తిరిగి రావాలి, 20 ఏళ్లు అందుకే ఇచ్చాం. కానీ పాత మందుకు ఉప్పు మార్చి ఇంకో 20 ఏళ్లు అడగడం పరిశోధన కాదు. ఠాగూర్ 1941లో పోయారు. ఆయన రచనల కాపీరైట్ ముగిసే వేళకు, 1992లో, మన పార్లమెంటు గడువును 50 నుంచి 60 ఏళ్లకు పెంచింది. ఆ పదేళ్లు చూసి ఆయన ఇంకో గీతం రాస్తారా? గడువు పొడిగింపు సృజనకు ప్రోత్సాహం అనే వాదన అక్కడే తేలిపోతుంది.

కాబట్టి ఈసారి జవాబులో సమతుల్యత అనే మాట దగ్గర ఆగకండి. డిఫాల్ట్ మార్చాలని రాయండి. ముందస్తు అభ్యంతరానికి రోగుల సంఘాల దగ్గర రుసుము తీసుకోకూడదు. ఫారం 27 ఏటా, అందరికీ కనబడేలా రావాలి. ప్రజారోగ్యానికి అవసరమైనచోట సెక్షన్ 92 కింద కంపల్సరీ లైసెన్స్‌కు దారి తెరిచేలా ప్రభుత్వమే నోటిఫికేషన్ ఇవ్వాలి. రేపు మనలో ఎవరైనా ఆ ఫైలు ముందు కూర్చుంటే, రోగి వచ్చి అడిగేదాకా ఆగకూడదు.

సాధనకు ప్రశ్న: "భారత పేటెంట్ చట్టంలో ప్రజా ప్రయోజన రక్షణలు ఉన్నాయి, అమలు చేసే బాధ్యత మాత్రం బాధితుడిపైనే ఉంది." విశ్లేషించండి. (250 పదాలు)