హామీలు సరే, సత్తువ ఏదీ?

దేశరక్షణకు స్వశక్తిని నమ్ముకోవాలా, మిత్రుల మాటను నమ్ముకోవాలా అన్న ప్రశ్న పోలండ్‌ను తరతరాలుగా వేధిస్తున్నది. 1772-95 మధ్య రష్యా, ప్రష్యా, ఆస్ట్రియాలు మూడు విడతలుగా పంచుకోవడంతో ఆ దేశం 123 ఏళ్లపాటు ప్రపంచపటం మీదనే లేకుండా పోయింది. 1918లో తిరిగి తలెత్తినా పట్టుమని పాతికేళ్లయినా నిలదొక్కుకోలేకపోయింది.

1939 మార్చిలో బ్రిటన్ ఆ దేశానికి అండగా ఉంటానని హామీ ఇచ్చింది. ఫ్రాన్స్‌తో అప్పటికే సైనికమైత్రి ఉంది. సెప్టెంబరు 1న హిట్లర్ సేనలు దండెత్తగా, 3న ఈ రెండు దేశాలూ జర్మనీపై యుద్ధం ప్రకటించాయి. అయితే పోలండ్‌ను ఆదుకునేందుకు సేనలు మాత్రం తరలిరాలేదు. 17న తూర్పు దిక్కు నుంచి సోవియట్ దళాలు చొచ్చుకువచ్చాయి. నెల తిరగకుండానే వార్సా లొంగిపోయింది. 1955లో ఆ నగరం పేరిటే ఏర్పడిన వార్సా కూటమిలోనూ పోలండ్ మాస్కో కనుసన్నలలో మెలగవలసి వచ్చింది.

ఈ చరిత్ర ఎరిగినందునే పోలండ్ 1999లో నాటోలో చేరి ఊరుకోలేదు. 2022 ఫిబ్రవరిలో రష్యా ఉక్రెయిన్‌పై దండెత్తిన మరుసటి నెలలోనే స్థూల దేశీయోత్పత్తిలో కనీసం 3 శాతం రక్షణకు వెచ్చించాలని చట్టం చేసింది. 2024 నాటికి ఆ వ్యయం 4 శాతం దాటింది. ఆ నిష్పత్తిలో నాటో దేశాలన్నింటిలో అదే అగ్రస్థానం. అమెరికా నుంచీ, దక్షిణ కొరియా నుంచీ ట్యాంకులు, శతఘ్నులు, విమానాలు పెద్దయెత్తున కొనుగోలు చేస్తున్నది.

ఇంతటి భారం ఊరికే మోయగలిగేది కాదు. బడ్జెట్ లోటు మితిమీరినందుకు 2024లో యూరోపియన్ యూనియన్ పోలండ్‌పై చర్యలు చేపట్టింది. పైగా డబ్బిచ్చి కొన్న ఆయుధానికి విడిభాగాలూ, మందుగుండూ పరాయిదేశం నుంచే రావలసి ఉంటే అది స్వావలంబన అనిపించుకోదు. కొరియా ట్యాంకులలో కొన్నింటినైనా స్వదేశంలో తయారుచేయాలని పోలండ్ పట్టుబట్టడంలోని ఆంతర్యం ఇదే. అదే కొరియా కె-9 శతఘ్నులను గుజరాత్‌లోని హజీరాలో ‘వజ్ర’ పేరిట నిర్మించుకుంటున్న భారత్‌కు ఈ బాధ తెలియనిది కాదు.

అలాగని ఒంటరిపోరు సాధ్యమా? 2025 సెప్టెంబరులో రష్యా డ్రోన్లు పోలండ్ గగనతలంలోకి చొరబడినప్పుడు పోలిష్ విమానాలతోపాటు నెదర్లాండ్స్ విమానాలూ ఎదుర్కొన్నాయి. మిత్రుల విలువ ఆనాడు రుజువైంది. అయితే సభ్యదేశంపై దాడి జరిగితే తాము అవసరమనుకున్న చర్యనే మిత్రులు తీసుకుంటారని నాటో ఒప్పందంలోని 5వ అధికరణ చెబుతున్నది. ప్రతిదేశమూ స్వీయ ప్రతిఘటనాశక్తిని పెంపొందించుకోవాలని 3వ అధికరణ నిర్దేశిస్తున్నది. ఈ రెండింటినీ కలిపి చదువుకోవాలి. సాయం వచ్చేదాకా నిలిచి పోరాడగల సత్తువ లేని దేశానికి ఎంత గట్టి హామీ అయినా అక్కరకు రాదు. 1939 నేర్పిన పాఠం ఇదే. పోలండ్ దానిని మరువలేదు. ఇతర దేశాలూ మరువరాదు.