పాట ఎవరి సొత్తు?

సంగీతానికి ఎల్లలు లేవని సభలలో అందరూ అంటారు. అయితే కళాశాల విద్యార్థి గదిలో ఆంగ్లగీతం వినబడినంతనే ఆ మాట మరుగునపడి, మన సంస్కృతి ఏమైపోతున్నదన్న ప్రశ్న ముందుకు వస్తుంది. ఈ ప్రశ్నను మేము తేలికగా తీసుకోము. గజళ్ళు వినే ఇళ్ళనుండి కొందరము, త్యాగరాజ కీర్తనలు వినే ఇళ్ళనుండి కొందరము వచ్చి ఒకే వసతిగృహంలో ఉంటున్నాము. బీటిల్స్ బృందం పాటలను మనసుపెట్టి విన్నవారముగా మా సమాధానాన్ని పాఠకులకు మనవి చేస్తున్నాము.

ఇంగ్లండులోని ఓడరేవు నగరం లివర్‌పూల్. అక్కడ పుట్టిపెరిగిన జాన్ లెనన్, పాల్ మెకార్ట్నీ, జార్జ్ హారిసన్, రింగో స్టార్ అనే నలుగురు యువకుల బృందమే బీటిల్స్. వారిలో ఎవరికీ స్వరలిపి చదవడం రాదు. 1962 అక్టోబరులో ‘లవ్ మీ డూ’ రికార్డుతో వెలుగులోకి వచ్చి 1970లో విడిపోయారు. 1963 ఫిబ్రవరి 11న ఒక్కరోజులోనే తమ తొలి ఆల్బముకు పది పాటలు పాడి ముగించిన ఆ బృందమే, 1967లో వచ్చిన ‘సార్జెంట్ పెప్పర్స్ లోన్లీ హార్ట్స్ క్లబ్ బ్యాండ్’ కోసం దాదాపు ఐదు నెలలు శ్రమించింది. నాలుగేళ్ళలో వారు ఎంత ఎదిగారో ఆల్బములను వరుసగా విన్నవారికే బోధపడుతుంది. పాట పల్లవి దాటకముందే వేలితో మరొక పాటకు దూకే ఈ ఫోనుల కాలంలో, వారానికొక ఆల్బము చొప్పున మొదటినుండి చివరివరకు వినడం మాకొక అభ్యాసమైంది.

మాకు అన్నిటికన్న ప్రియమైనది 1965 డిసెంబరులో వచ్చిన ‘రబ్బర్ సోల్’ ఆల్బములోని ‘ఇన్ మై లైఫ్’. తిరిగిన చోట్లను, దూరమైన మిత్రులను తలచుకొనే పాట ఇది. తన ఇంటినుండి నగరం నడిబొడ్డుకు సాగే బస్సు ప్రయాణంగా లెనన్ దీనిని తొలుత వ్రాసి, దారిలోని చోట్ల పేర్లన్నీ అందులో చేర్చాడు. అది తనకే నచ్చక ఆ పేర్లను తీసివేసినట్లు తర్వాత తానే చెప్పాడు. ఆ పేర్లు తొలగిన చోటనే మాకు ప్రవేశం దొరికింది. లివర్‌పూల్ వీధులకు బదులు మా ఊరి చెరువుగట్టు, బడి ముందరి వేపచెట్టు, పట్నం బస్సు కోసం నాన్నగారితో నిలబడిన కూడలి వచ్చి నిలిచాయి. ఉర్దూ మాధ్యమంలో చదివిన మిత్రునికి తన నానీ ఇంటి దర్వాజా కనబడిందట.

1970లో వచ్చిన ‘లెట్ ఇట్ బీ’ మరొక విధంగా ఆప్తమైనది. మెకార్ట్నీ తల్లి పేరు మేరీ. 1956లో ఆమె మరణించేనాటికి అతనికి పద్నాలుగేళ్ళు. బృందంలో కలతలు ముదిరిన దినాలలో ఆమె కలలో కనబడి ఊరట చెప్పిందనీ, పాట అందులోనుండి పుట్టిందనీ అతడు చెప్పాడు. నిరుడు మాలో ఒకరి తల్లి కాలం చేశారు. కర్మలు ముగించుకొని తిరిగివచ్చిన మిత్రునితో ఏమి మాట్లాడాలో మాకు తోచలేదు. తెలుగులోను, ఉర్దూలోను ఓదార్పు మాటలకు కొదవ లేదు. వాటిని పలకడానికే నోరు రాలేదు. ఆ రాత్రి అతడే ఈ పాట పెట్టమన్నాడు. ముగియగానే మళ్ళీ పెట్టమన్నాడు. మూడవసారి ముగిసేసరికి అమ్మ వంటను గురించి, ఆమె కోపాన్ని గురించి తానే చెప్పసాగాడు. తెల్లవారుజాము వరకు వింటూ కూర్చున్నాము. ఒక పరాయిపాట ఆ రాత్రి మా ఇంటిమాటలకు నోరిచ్చింది.

1966 నాటి ‘ఎలినార్ రిగ్బీ’లో గిటారు లేదు, డ్రమ్ములు లేవు, ఎనిమిది తంత్రీవాద్యాలే పాటను నడుపుతాయి. ఒంటరిగా బ్రతికి ఒంటరిగా పోయిన స్త్రీ కథ అది. భోజనశాలలో పళ్ళాలు కడిగే అవ్వను, రాత్రివేళ గేటు కాచే తాతను కూర్చోబెట్టి యోగక్షేమాలు అడిగే అలవాటు మాలో కొందరికి ఈ పాటతోనే వచ్చింది.

ఇక సంస్కృతి మాట. ‘రబ్బర్ సోల్’లోని ‘నార్వీజియన్ వుడ్’ పాటలో హారిసన్ సితారు మీటాడు. అంతటితో తృప్తిపడక 1966లో పండిత రవిశంకర్‌ను ఆశ్రయించి శిష్యునివలె నేర్చుకొన్నాడు. ఆ దారినే వెళ్ళి మేము రవిశంకర్‌ను, ఆయన గురువు ఉస్తాద్ అల్లావుద్దీన్ ఖాన్‌ను తెలుసుకొన్నాము. లివర్‌పూల్ యువకుడు మమ్మల్ని మైహర్ గురుకులం గుమ్మం వరకు తీసుకొనివచ్చాడు! ఈ గురుశిష్యులే 1971 ఆగస్టు 1న న్యూయార్కులో బంగ్లాదేశ్ శరణార్థుల సహాయార్థం కచేరీలు ఏర్పాటు చేశారు.

ఆ నలుగురి జీవితాలన్నీ అనుసరణీయాలని మేమనము. మత్తు పదార్థాల జోలికి వారు వెళ్ళిన సంగతి లోకవిదితమే, దానిని మెచ్చుకోనక్కరలేదు. అయితే 1964 సెప్టెంబరులో అమెరికాలోని జాక్సన్‌విల్‌లో, నల్లజాతివారిని వేరుగా కూర్చోబెడితే పాడబోమని ప్రకటించి, అందరూ కలిసి కూర్చున్న సభలోనే పాడినవారు కూడా వారే. మంచిచెడ్డలను వేరుచేసి చూడగల వివేకం విద్యార్థికి కలిగించడమే కదా కళాశాల పని? వినవద్దని శాసించినందువల్ల ఆ వివేకం అలవడదు.

కనుక కళాశాల సంఘానికి మా విన్నపం ఒకటి. వారానికొక గంట గ్రంథాలయంలో శ్రవణగోష్ఠి జరపడానికి అనుమతించండి. ఒక గజల్, ఒక కీర్తన, ఒక పాశ్చాత్యగీతం విందాము. ఎవరికి తెలిసిన భాషలోని పాటకు వారు అర్థం చెప్పాలి. సోదర విద్యార్థులకూ ఒక మాట: మీకు ఇష్టమైన పాటను చెవికి మాత్రమే వదిలిపెట్టకండి, ఎవరు, ఎప్పుడు, ఏ బాధలో దానిని కట్టారో తెలుసుకొని, ప్రక్కవానికి చెప్పండి. పాట పుట్టిన ఊరు ఒక్కటే. విని తనదిగా చేసుకొన్న ప్రతివాడి ఊరూ దాని ఊరే.