చిన్న గదికి ఎంత వెలుగు కావాలి?

2020 మార్చి నుంచి మన ఇళ్లలోకి ఆఫీసు వచ్చి కూర్చుంది. కంపెనీలు చాలామందిని వెనక్కి పిలిచినా అది పూర్తిగా వెళ్లిపోలేదు. వారంలో కొన్ని రోజులు ఇంటి నుంచి పనిచేసే ఉద్యోగులు, ఇంట్లోనే ట్యూషన్లు చెప్పేవాళ్లు, లెక్కలు చూసేవాళ్లు, అనువాదాలూ డిజైన్లూ చేసుకునేవాళ్లు హైదరాబాదు, విజయవాడ, విశాఖ అపార్ట్‌మెంట్లలో అంతస్తుకొకరైనా ఉంటారు. వీళ్లలో చాలామందికి పని కోసం దొరికేది ఒకప్పటి స్టోర్ రూమో, పడకగదిలో ఓ మూలో, అద్దాలు బిగించిన బాల్కనీయో. జాతీయ భవన నిర్మాణ నియమావళి ప్రకారం ఇంట్లో రెండో గదికి 7.5 చదరపు మీటర్లు ఉంటే సరిపోతుంది, వెడల్పు 2.1 మీటర్లయినా చాలు. అంటే ఏడడుగులు కూడా లేదు. అందులో బల్ల, కుర్చీ, బీరువా సర్దాక మనిషికి మిగిలేది కుర్చీ వెనక్కి జరుపుకునేంత చోటే.

రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు అలాంటి గదిలో గడపాల్సిన మనిషికి అది ఇరుకుగా, చీకటిగా అనిపించడం చిన్న బాధ కాదు. దానికి అందరూ చెప్పే మందు ఒకటే: గోడలకు తెల్లరంగు వేయండి, పెద్ద అద్దం బిగించండి, దీపాలు పెంచండి, కర్టెన్లు తీసేయండి. ఈ మాటను కాదనేవాళ్లూ ఉన్నారు. చిన్న గది చిన్నగా ఉండటంలో తప్పేముంది, మన ఎండల్లో వెలుగును ఇంకా లోపలికి పిలవడమేమిటి అని వాళ్ల ప్రశ్న. రెండు వాదనల్లోనూ బలం ఉంది. డబ్బు ఖర్చు పెట్టేముందు రెండూ వినడం మంచిది.

ముందు తెల్లరంగు సంగతి. మంచి తెల్లరంగు వేసిన గోడ తనమీద పడిన వెలుతురులో 80 శాతం దాకా తిప్పి పంపుతుంది. ముదురు రంగు గోడ 30 శాతమో అంతకంటే తక్కువో పంపుతుంది. కిటికీలోంచి వచ్చిన వెలుతురు బల్ల మీదికి చేరేలోపు రెండు గోడలకు తగిలిందనుకుందాం. తెల్లగోడల గదిలో అందులో 64 శాతం మిగులుతుంది, ముదురు గోడల గదిలో 9 శాతమే మిగులుతుంది. అదే కిటికీ, అదే పగలు, అయినా తేడా ఏడింతలు. ఇక ఎత్తు సంగతి. జర్మనీలోని మైన్జ్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2010లో ప్రచురించిన ప్రయోగాల్లో, లేతరంగు పైకప్పు ఉన్నదానికంటే ఎత్తుగా కనిపిస్తుందని, గోడలు కూడా లేతగా ఉంటే ఆ భావన ఇంకొంత పెరుగుతుందని తేలింది. కాబట్టి తెలుపు గదిని పెంచుతుందన్న మాట వట్టి ఇంటి అలంకరణ చేసేవాళ్ల నమ్మకం కాదు.

చిన్న గదికి పుట్టుకతోనే ఒక అదృష్టం కూడా ఉంది. నేల నుంచి కిటికీ పై అంచు ఎంత ఎత్తులో ఉంటే, దానికి రెండు రెండున్నర రెట్ల దూరం దాకా పగటి వెలుతురు లోపలికి పనికొచ్చేలా అందుతుందని భవన శిల్పులు లెక్క వేస్తారు. మన కిటికీల పై అంచు సాధారణంగా ఏడడుగుల దగ్గర ఉంటుంది. ఆ లెక్కన పద్నాలుగు అడుగుల లోతు వరకూ వెలుతురు రావాలి. గదే పది అడుగులైతే చీకటి మూల ఉండకూడదు. అయినా మన గదులు చీకటిగా ఎందుకుంటున్నాయంటే, కిటికీకి ఆకాశం కనబడటం లేదు. ఎదురుగా కొన్ని అడుగుల దూరంలో పక్క అపార్ట్‌మెంటు గోడో, మురికి పట్టిన డక్టో ఉంటుంది. మధ్యలో ఇనుప గ్రిల్లు, దానిమీద దుమ్ము పేరుకున్న దోమతెర. ఇలాంటిచోట ఎదుటి గోడే మన ఆకాశం. అసోసియేషన్‌తో మాట్లాడి డక్టు లోపలి గోడలకు తెల్లసున్నం వేయిస్తే, దోమతెర కడిగిస్తే, కిటికీకి అడ్డంగా నిలబెట్టిన బీరువాను పక్కకు జరిపితే గదిలో వెలుగు పెరుగుతుంది. ఖర్చు కొద్దిది, ఫలం నిజమైనది.

అద్దం పక్షాన చెప్పదగిన గొప్ప సాక్ష్యం లండన్‌లో ఉంది. వాస్తుశిల్పి సర్ జాన్ సోన్ 1812లో కట్టుకున్న తన ఇంట్లో, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న ఆ ఇంట్లో, ఫలహారాల గది చిన్నది. గుమ్మటంలా వంగిన పైకప్పులో ఆయన గుండ్రటి కుంభాకార అద్దాలు బిగించాడు. అంచుల వెంబడి పైనుంచి వెలుతురు జారేలా కప్పులో కిటికీలు దాచాడు. గది ఎక్కడ ముగుస్తుందో కంటికి వెంటనే అందదు, ఆ గది పెద్దదనిపించడానికి కారణం అదే. ఒకటి గమనించాలి. ఆ అద్దాలకు పైనుంచి వచ్చే వెలుగు ముందే ఉంది. అద్దం వెలుగును పుట్టించదు, ఉన్నదాన్ని మళ్లిస్తుంది. ఎదురుగా మురికిగోడ ఉంటే ఆ మురికిగోడనే రెండింతలు చేస్తుంది.

ఇక రెండో పక్షం. వాళ్ల మొదటి మాట ఎండ గురించి. వెలుతురును లక్సుల్లో కొలిస్తే, నడి వేసవి ఎండ నేలమీద లక్ష లక్సుల దాకా ఉంటుంది. కాగితం చదవడానికి, రాయడానికి బల్ల మీద కావలసింది 300 నుంచి 500 లక్సులు. అంటే వెలుగు మన దేశంలో కరువు కాదు, అది వేడిని వెంటబెట్టుకుని వస్తుందన్నదే చిక్కు. ఆకాశం తక్కువగా వెలిగే చలిదేశాల్లో పుట్టిన సలహాలను మక్కికి మక్కి తెచ్చుకుంటే పడమటి గదిలో కూర్చున్నవాడు ఏప్రిల్ మధ్యాహ్నాల్లో ఉడికిపోతాడు, కరెంటు బిల్లు ఏసీ రూపంలో పెరుగుతుంది. మన పాత మండువా లోగిళ్లు కట్టినవాళ్లు ఇది ఎరిగినవాళ్లు. మందపు గోడలు, చిన్న కిటికీలు, నడుమ ఆకాశం. గదుల్లోకి వచ్చే వెలుగు మండువాలో ఒకసారి చల్లబడి వచ్చేది. ఆ గదుల మసక కావాలని ఉంచుకున్నదే.

హైదరాబాదు ఉన్నది 17.4 డిగ్రీల ఉత్తర అక్షాంశంలో. మే 9 ప్రాంతంలో ఒకసారి, ఆగస్టు 3 ప్రాంతంలో ఇంకోసారి మధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన నిలుస్తాడు. వేసవి మధ్యాహ్నపు ఎండను దక్షిణపు కిటికీ మీది సన్‌షేడ్ సులువుగా ఆపుతుంది. తూర్పు పడమరల నుంచి వాలుగా వచ్చే ఎండకు ఆ సన్‌షేడ్ చాలదు. లోపల కర్టెన్ వేసినా ప్రయోజనం సగమే, ఎందుకంటే వేడి అప్పటికే అద్దం దాటి గదిలోకి వచ్చేసింది. ఆపాల్సింది బయట. వెదురు తడికలు, వట్టివేళ్ల తడికలు కిటికీ బయట వేలాడదీసే మన పాత అలవాటుకు భౌతికశాస్త్రం మద్దతు ఉంది. బాల్కనీని అద్దాలతో మూసి ఆఫీసు చేసుకోవడం ఈ కోవలో అన్నిటికంటే ఖరీదైన పొరపాటు. మొదటి నెల వెలుగు చూసి మురిసిపోతాం. తర్వాత ఆ గాజు పెట్టె ఎండను పట్టి ఉంచుతుంది, దాని వెనక ఉన్న గదికి గాలి రాకుండా చేస్తుంది, మంజూరైన ప్లానుకూ విరుద్ధమవుతుంది.

రెండో మాట కళ్ల గురించి. తెల్లగోడ, కర్టెన్ లేని కిటికీ, వాటి మధ్య కంప్యూటర్ తెర. కళ్లు ఈ మూడింటి మధ్య రోజంతా సర్దుకుంటూనే ఉండాలి. తూర్పుముఖంగా కూర్చుని పనిచేయడం శుభమని నమ్మే ఇళ్లు మనకు ఎన్నో. ఆ నమ్మకాన్ని తప్పుపట్టనక్కర్లేదు. కానీ ఎదురుగా తూర్పు కిటికీ ఉంటే పొద్దుటి ఎండ నేరుగా కళ్లలో పడుతుంది. కిటికీకి వీపు పెడితే తెర మీద మెరుపు పడుతుంది, వీడియో కాల్‌లో ముఖం నల్లటి నీడ అవుతుంది. కిటికీ పక్కవైపు ఉండేలా బల్ల తిప్పుకుంటే ఈ రెండూ తప్పుతాయి. ఉత్తరం గోడకు కిటికీ ఉంటే తూర్పుముఖంగా కూర్చున్నా కిటికీ పక్కకే వస్తుంది.

మూడో మాట మనసు గురించి. పైకప్పు ఎత్తు మీద మెయర్స్ లెవీ, ఝూ అనే ఇద్దరు పరిశోధకులు 2007లో ఒక అధ్యయనం ప్రచురించారు. పదడుగుల ఎత్తు గదిలో మనుషులు విశాలంగా, విషయాలను కలిపి ఆలోచించారని, ఎనిమిదడుగుల గదిలో చిన్న చిన్న వివరాలను పట్టుకోవడంలో ముందున్నారని వాళ్లు చెప్పారు. ఒక్క అధ్యయనంతో ఇల్లు కట్టలేం గానీ, ఆడిటింగుకో ప్రూఫులు దిద్దడానికో ఇరుకు శత్రువు కాకపోవచ్చని ఆలోచించడానికి అది చాలు. ఫ్రాన్సు దక్షిణ తీరంలో లె కర్బూజియే 1952లో తనకోసం కట్టుకున్న చెక్క కుటీరం 3.66 మీటర్ల చదరం, ఎత్తు 2.26 మీటర్లే. గోడలు చెక్క పలకలవి, వాటికి తెలుపు లేదు. కిటికీలు చిన్నవి, అవి చూసేది సముద్రాన్ని. ప్రపంచంలో ఎన్నో పెద్ద భవనాలు గీసిన మనిషి ఆ చిన్న గదిలో వేసవులు తృప్తిగా గడిపాడు. 2016లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ సంపదలో చేర్చింది.

రెండు పక్షాలూ చెప్పింది పక్కపక్కన పెట్టి చూస్తే నాకు ఒకటి స్పష్టంగా కనిపిస్తుంది. వెలుగు, విశాలం అనే రెండు వేరు విషయాలను మనం ఒకే ముడిలో కట్టేశాం. విశాలమనే భావన చూపు ఎంత దూరం వెళ్లగలదన్న దాన్నిబట్టి వస్తుంది. వెలుగు బాగుందనిపించేది అది ఎంత ఉందన్న దానికంటే ఎక్కడ పడుతోందన్న దానివల్ల. కర్బూజియే గదిలో చూపు సముద్రం దాకా వెళ్లింది. సోన్ గదిలో చూపుకు అంచు దొరకలేదు. ఒకటి చెక్క రంగులో, ఇంకొకటి అద్దాల మెరుపులో ఉన్నా రెండూ నెగ్గింది అందుకే. మన గదుల్లో చూపును ఆపేది గోడ రంగు కంటే ముందు సామాను. అటక మీంచి కిందికి వేలాడే సూట్‌కేసులు, తలుపు వెనక ఇస్త్రీ బల్ల, బల్ల కింద పాత డబ్బాలు. నేల నాలుగు మూలలా కనబడనంత కాలం ఎన్ని పూతల తెల్లరంగు వేసినా గది ఇరుకే.

అందుకని నా తీర్పు ఇది. పైకప్పుకు, కిటికీ ఉన్న గోడకు తెలుపు వేయించండి, దానికి మారు లేదు. కిటికీ చుట్టూ గోడ తెల్లగా ఉంటే బయటి వెలుగుకూ లోపలి గోడకూ మధ్య తేడా తగ్గి కళ్లు సేదదీరతాయి. తెర వెనక కనిపించే గోడ మాత్రం మెరుపులేని ఓ మధ్యస్థ రంగులో, లేత ఆకుపచ్చో బూడిదో, ఉండనివ్వండి. అద్దం అవసరమైతే కిటికీకి పక్కగోడకు బిగించండి, మీ ఎదురుగా వద్దు. రోజంతా మన ముఖాన్ని మనమే చూసుకుంటూ పనిచేయలేం. ఫాల్స్ సీలింగ్ ఆరంగుళాలైనా ఎత్తు తింటుంది, తొమ్మిదడుగుల గదిలో అది నష్టమే.

దీపాల విషయంలో పిసినారితనం చూపక్కర్లేదు, దుబారా కూడా అక్కర్లేదు. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబు దాదాపు 2000 ల్యూమెన్ల వెలుగిస్తుంది. అందులో సగం బల్ల ఎత్తుకు చేరిందనుకున్నా వంద చదరపు అడుగుల గదిలో అది వంద లక్సుల పైమాటే తప్ప మూడు వందలు కాదు. ఆ తక్కువను నింపడానికి కప్పులో ఇంకో రెండు ట్యూబులు బిగించడం కంటే బల్ల మీద ఓ దీపం పెట్టుకోవడం మేలు. కావలసిన చోట కావలసినంత పడుతుంది, గది వేడెక్కదు. మన ఇళ్లలో అలవాటైన 6500 కెల్విన్ల పాలతెలుపు పగటిపూటకు బాగుంటుంది. సాయంత్రం దాటాక 3000 కెల్విన్ల పసుపు వెలుగుకు మారితే నిద్రకు మేలు.

అద్దెకున్నవాళ్లకు రంగులు, బిగింపులు ఓనరు దయ. అయినా వాళ్ల చేతిలో ఉన్నవే ఎక్కువ పనిచేసేవి: సామాను తీయడం, బల్ల తిప్పడం, దోమతెర కడగడం, బయట తడిక కట్టడం, బల్ల దీపం కొనడం. ఈ ఐదూ చేసి ఓ నెల చూశాకే రంగుల గురించి, అద్దాల గురించి ఆలోచించాలి.

ఇంకో మాట చెప్పకుండా ముగించలేను. చాలా ఇళ్లలో తలుపున్న ఆ చిన్న గది భర్త పనికి, డైనింగ్ టేబుల్ చివర భార్య పనికి దక్కుతున్నాయి. ఆమె కాల్ మాట్లాడుతుండగా కుక్కర్ కూస్తుంది, పిల్లలు హోంవర్కు పట్టుకొస్తారు. ఆ ఇరుకును ఏ తెల్లరంగూ తగ్గించలేదు. గది ఎవరికి ఎన్ని గంటలో పంచుకోవడం ఒక్కటే దానికి దారి. ఇల్లంతటికీ ఉన్న ఒకే పని గదిని బాగుచేసుకోవడానికి డబ్బు తీసే ముందు, ఆ తలుపు వేసుకునే హక్కు ఇద్దరికీ ఉందో లేదో తేల్చుకోవాలి. నా లెక్కలో గదిని పెద్దది చేసే పనుల్లో మొదటిది అదే, దానికి పైసా ఖర్చు లేదు.